డిస్క్ ఆపరేషన్: నిర్ణయం నుంచి ఆరో వారం దాకా రోగికీ ఇంటివారికీ తెలియవలసినవి

వెన్ను ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వెళ్లిన మూడో రోజునో నాలుగో రోజునో మా వార్డుకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకే ప్రశ్నతో మొదలవుతాయి: "సిస్టర్, కాలు మళ్లీ లాగుతోంది, ఆపరేషన్ పనిచేయలేదా?" చాలా సందర్భాల్లో ఆపరేషన్ చక్కగానే జరిగి ఉంటుంది, నరం చుట్టూ ఉన్న వాపు వల్ల వచ్చే నొప్పి అది. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే ఆ ఇంట్లో అందరూ ఆ రాత్రి నిద్రపోయేవారు. నడుము డిస్క్ ఆపరేషన్‌లో, అంటే జారి నరాన్ని నొక్కుతున్న డిస్క్ ముక్కను తీసేయడంలో, సర్జన్ పని సాధారణంగా గంటా రెండు గంటల్లో ముగుస్తుంది. ఆ తర్వాతి ఆరు వారాల పని రోగిది, ఇంటివారిది. ఎలా లేవాలి, ఎంతసేపు కూర్చోవాలి, ఏం తినాలి, ఏ లక్షణం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు అనేవి డిశ్చార్జి కాగితంలో నాలుగు వాక్యాల్లో ఇమిడే విషయాలు కావు కనుక, వెన్నెముక వార్డులో నర్సుగా నేను రోజూ చెప్పే మాటలను ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నా మాటకూ మీ సర్జన్ మాటకూ ఎక్కడైనా తేడా వస్తే సర్జన్ మాటే పాటించండి, మీ వెన్ను లోపలి పరిస్థితిని కళ్లారా చూసినవారు వారే.

నొప్పి నడుముదా, నరానిదా

వెన్నెముకలో మెడ దగ్గర 7, వీపులో 12, నడుములో 5 పూసలు విడివిడిగా కదులుతాయి. వాటి కింద ఉన్న పూసలు పెద్దయ్యేసరికి ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. నడుములో ప్రతి రెండు పూసల మధ్యా ఒక మెత్తలాంటి డిస్క్ ఉంటుంది. దాని నిర్మాణం తాటిముంజెను పోలి ఉంటుందని నేను రోగులకు చెబుతుంటాను: బయట గట్టి పొర, లోపల మెత్తని పదార్థం. ముంజెను నొక్కినప్పుడు పొర ఎక్కడ పలచగా ఉంటే అక్కడి నుంచే నీరు చిమ్ముతుంది. డిస్క్ కూడా అంతే, బలహీనపడిన చోట చీలి, లోపలి పదార్థం వెనక్కి జారి పక్కనే వెళ్తున్న నరాన్ని నొక్కుతుంది. నడుములో ఇలా జారే డిస్కుల్లో అత్యధిక భాగం చివరి రెండు స్థానాలవే. రిపోర్టులో ఎల్4-ఎల్5 అనీ, ఎల్5-ఎస్1 అనీ రాసేది వాటినే: ఎల్ అంటే నడుము పూస, ఎస్1 అంటే దాని కింద అతుక్కుపోయిన పూసల్లో మొదటిది.

నరం నొక్కుకుంటే నొప్పి నడుముకంటే కాలిలో ఎక్కువగా ఉంటుంది. పిరుదు నుంచి తొడ వెనకగా పిక్కలోకి, పాదంలోకి కరెంటు పాకినట్టు దిగే ఈ నొప్పినే సయాటికా అంటారు. ఎల్5 నరం దెబ్బతింటే బొటనవేలిని పైకి లేపడం కష్టమవుతుంది, నడుస్తుంటే పాదం నేలకు రాసుకుంటుంది. ఎస్1 నరమైతే మడమ ఎత్తి ఒంటికాలి మునివేళ్లపై నిలబడలేరు, పాదం బయటి అంచు, చిటికెనవేలు మొద్దుబారతాయి. ఈ రెండు పరీక్షలూ ఇంట్లో గోడ పట్టుకుని చేసుకోవచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు "నడుము నొప్పి" అని మాత్రమే చెప్పకుండా, ఏ కాలు, ఏ వేలు, ఎప్పటినుంచి అన్నది చెప్పగలిగితే సగం పరీక్ష అయిపోయినట్టే.

ఎమ్మారై రిపోర్టు చూసి భయపడేవారికి ఒక మాట చెప్పాలి. ఏ నొప్పీ లేని మామూలు మనుషులకు స్కాన్ తీసిన అధ్యయనాలన్నిటినీ 2015లో ఒకచోట చేర్చి చూస్తే, ఇరవయ్యేళ్లవారిలో నూటికి 30 మందికి, ఎనభయ్యేళ్లవారిలో నూటికి 84 మందికి డిస్క్ ఉబ్బి కనిపించింది. తల నెరవడం ఎలాగో డిస్క్ అరగడమూ చాలావరకు అలాగే. అందువల్ల రిపోర్టులోని మాటకూ కాలిలోని నొప్పికీ పొంతన కుదిరినప్పుడే ఆపరేషన్ గురించి ఆలోచించాలి. రిపోర్టు మాత్రమే పట్టుకుని నలుగురు డాక్టర్ల చుట్టూ తిరిగే రోగులను చూసినప్పుడల్లా నాకు బాధే కలుగుతుంది.

ఆపరేషన్ అవసరమా అన్న ప్రశ్నకు నిజాయితీగల జవాబు: చాలామందికి అవసరం ఉండదు. మందులు, ఫిజియోథెరపీ, పని తగ్గించుకోవడం వంటి వాటితో ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఎక్కువమందికి సయాటికా తగ్గుముఖం పడుతుంది, జారిన ముక్కను శరీరమే క్రమంగా కరిగించుకుంటుంది. నెదర్లాండ్స్‌లో 283 మంది సయాటికా రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు వెంటనే ఆపరేషన్ చేసి, రెండో జట్టుకు వేచిచూసే పద్ధతి పాటించిన అధ్యయనం 2007లో వెలువడింది. వెంటనే ఆపరేషన్ అయినవారికి కాలి నొప్పి త్వరగా తగ్గింది; ఏడాది తిరిగేసరికి రెండు జట్లలోనూ నూటికి 95 మంది కోలుకున్నారు, అయితే వేచిచూసిన జట్టులో నూటికి 39 మంది మధ్యలో ఆపరేషన్ వైపే మొగ్గారు. ఆపరేషన్ త్వరగా ఉపశమనం ఇచ్చే మార్గమే తప్ప చాలా సందర్భాల్లో ఏకైక మార్గం కాదని దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు. భరించలేని నొప్పి వారాల తరబడి తగ్గకపోవడం, కాలిలో బలం పెరుగుతూ పోకుండా తరుగుతూ పోవడం ఆపరేషన్‌కు గట్టి కారణాలు.

ఇక ఆగకూడని స్థితి ఒకటుంది. వెన్నుపాము నడుము మొదటి, రెండో పూసల దగ్గరే ముగుస్తుంది. అక్కడి నుంచి కిందికి నరాలు గుర్రపు తోకలా కుచ్చుగా దిగుతాయి. పెద్ద ముక్క జారి ఆ కుచ్చు మొత్తాన్ని నొక్కితే మూత్రం రాకపోవడమో తెలియకుండా పోవడమో, మలం మీద అదుపు తప్పడమో, సైకిల్ సీటు తాకే చోట అంటే మర్మావయవాల చుట్టూ, తొడల లోపలి వైపు స్పర్శ తెలియకపోవడమో, రెండు కాళ్లూ ఒకేసారి బలహీనపడటమో జరుగుతుంది. ఇది అత్యవసర స్థితి. గంటలు గడిచేకొద్దీ నరాలు కోలుకునే అవకాశం తగ్గుతుంది కనుక 48 గంటలలోపే, వీలైతే ఇంకా ముందే ఆపరేషన్ జరగాలి. సిగ్గుపడి చెప్పకపోవడం వల్ల ఆలస్యమైన వారున్నారు, ముఖ్యంగా స్త్రీలు. రాత్రి పన్నెండైనా సరే 108కి ఫోన్ చేసి, ఎమ్మారై, న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లండి.

వెన్ను నొప్పులన్నీ డిస్క్ నొప్పులు కావన్నది కూడా గుర్తుండాలి. కొంతదూరం నడవగానే రెండు కాళ్లూ బరువెక్కి, ముందుకు వంగితేనో కూర్చుంటేనో తేలికపడి, సైకిల్ మాత్రం హాయిగా తొక్కగలిగే పెద్దవారిలో సాధారణంగా నరాల మార్గం ఇరుకవడమే కారణం. రాత్రిపూట పెరిగే నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం కలిసి వస్తే వెన్నెముక క్షయ ఉందేమో చూడాలి. దానికి ప్రభుత్వ మందులు ఉచితం, ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర వరకు వాడాలి. నల్గొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ ప్రాంతాలనుంచి వచ్చేవారిలో మెడ, నడుము కొయ్యబారి, ఎముక పెరిగి వెన్నుపామును నొక్కే పరిస్థితి కనిపిస్తుంది. బొత్తాలు పెట్టుకోలేకపోవడం, నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలియకపోవడం మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుందనడానికి గుర్తులు. వీటన్నిటికీ చికిత్స వేరు కనుక ఇక్కడితో ఆపి, డిస్క్ ఆపరేషన్ విషయానికే వస్తాను.

ఆపరేషన్‌కు ముందు చేసుకోవలసినవి

తేదీ ఖాయమైన రోజునే మీరు వాడే మందులన్నీ, చీటీలతో కాకుండా మందు డబ్బాలతో సహా, ఒక సంచిలో వేసి తీసుకురండి. క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్, వార్ఫరిన్ వంటి రక్తం పలుచన చేసే మందులను ఎన్ని రోజుల ముందు ఆపాలో గుండె డాక్టరు, సర్జన్ కలిసి నిర్ణయించాలి; స్టెంట్ వేయించుకున్నవారు సొంతంగా ఆపితే ప్రాణాపాయం. షుగర్‌కు వాడే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలను కనీసం మూడు రోజుల ముందు ఆపాలన్న సంగతి చాలామందికి తెలియదు. పసరు మందులు, ఊళ్లో ఇచ్చే పొడులు వాడుతుంటే దాచకుండా చెప్పండి, ఎవరూ కోప్పడరు. బీడీ, సిగరెట్, ఖైనీ కనీసం నాలుగు వారాల ముందు మానేయగలిగితే గాయం మానడంలోనూ, మత్తు సమయంలో ఊపిరితిత్తుల విషయంలోనూ మేలు కనిపిస్తుంది.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకునేవారు ముందస్తు అనుమతి సంగతి ముందే కనుక్కోవాలి. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల పరిమితి ఉన్నా, మీకు చేయబోయే ప్రత్యేకమైన ఆపరేషన్ జాబితాలో ఉందో లేదో, స్క్రూలు, రాడ్లు వేయాల్సి వస్తే వాటి ఖర్చు అందులోనే కలిసిందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోండి.

ఇంటిని సిద్ధం చేయడం అంతకంటే ముఖ్యం, దాన్నే అందరూ మరచిపోతారు. నేలమీద చాప, కుంగిపోయే నులక మంచం, గొంతుకూర్చునే మరుగుదొడ్డి, ముక్కాలి పీట మీద భోజనం అనే నాలుగూ ఆరు వారాలపాటు వదిలేయాలి. మోకాలి ఎత్తుకు తగ్గని గట్టి మంచం, చేతులున్న కుర్చీ కావాలి. ఇంట్లో వెస్టర్న్ కమోడ్ లేకపోతే మెడికల్ షాపుల్లో దొరికే కమోడ్ కుర్చీ కొనవచ్చు, కొన్నిచోట్ల అద్దెకూ ఇస్తారు. రోజూ వాడే వస్తువులను, అంటే మందులు, ఫోన్ చార్జర్, గిన్నెలు, బట్టలు, నడుముకూ భుజానికీ మధ్య ఎత్తులో సర్దించండి. బాత్‌రూంలో కాలికింద జారని పట్టా వేయండి. మేడమీద గది అయితే మొదటి రెండు వారాలు కింది అంతస్తులో మంచం వేసుకునే ఏర్పాటు మంచిది.

మొదటి రోజులు: లేవడం, పడుకోవడం

మత్తు దిగాక అదే రోజు సాయంత్రమో మరుసటి ఉదయమో నడిపిస్తాం. "నిన్ననే కోశారు, ఇవాళే నడిపిస్తున్నారా" అని ఇంటివారు కంగారుపడతారు. డిస్క్‌లో జారిన ముక్కను మాత్రమే తీసిన వెన్ను నడవడానికి భయపడనక్కరలేదు. మంచంమీదే ఉండిపోతేనే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం, ఊపిరితిత్తుల్లో కఫం చేరడం, మలబద్ధకం మొదలవుతాయి.

లేవడమే ఒక విద్య. వెల్లకిలా పడుకున్నవారు తిన్నగా నడుము లేపి కూర్చోబోతే కుట్టు మీదా, డిస్క్ మీదా ఒకేసారి బరువు పడుతుంది. ముందు రెండు మోకాళ్లూ మడవాలి. తర్వాత భుజాలు, నడుము, మోకాళ్లు మూడూ ఒకే దుంగలా, ఏదీ ముందు ఏదీ వెనక కాకుండా, మంచం అంచు వైపు ఒత్తిగిలాలి. అప్పుడు కాళ్లను అంచు దాటించి కిందికి వదులుతూ, అదే సమయంలో కింది మోచేత్తో, పై అరచేత్తో మంచాన్ని నొక్కి ఒంటిని పైకి నెట్టాలి. కాళ్లు దిగే బరువు ఒంటిని పైకి తేవడానికి సాయపడుతుంది, త్రాసులో ఒక పళ్లెం దిగితే రెండోది లేచినట్టు. అంచు మీద ఒక నిమిషం కూర్చుని, కళ్లు తిరగడం లేదని నిశ్చయించుకుని, కడుపు కండరాన్ని కొద్దిగా బిగించి, తొడల బలంతో లేవాలి. పడుకునేటప్పుడు ఇదే వరసను వెనకనుంచి చేయాలి. సాయం చేసే ఇంటివారు చేతులు పట్టి లాగకూడదు. భుజం వెనక ఒక చెయ్యి, మోకాళ్ల వెనక ఒక చెయ్యి పెట్టి ఒంటి కదలికతోపాటు కదలాలి. ఆపరేషన్‌కు ముందు రోజే ఈ పద్ధతిని రోగితో నాలుగుసార్లు చేయిస్తాను. నొప్పి లేనప్పుడు నేర్చుకున్నది నొప్పి ఉన్నప్పుడు గుర్తొస్తుంది.

వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద దిండు, పక్కకు పడుకుంటే రెండు మోకాళ్ల మధ్య దిండు ఉంటే నడుము మీద లాగుడు తగ్గుతుంది. బోర్లా పడుకోవద్దు. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి పాదాలను పైకీ కిందికీ పదేసి సార్లు ఆడించడం పిక్కల్లో రక్తం నిలిచిపోకుండా చేసే చిన్న పని.

మెట్లు ఎక్కేటప్పుడు బలమైన కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. ఒక చెయ్యి పిట్టగోడ మీదో రెయిలింగ్ మీదో ఉండాలి. నడుము బెల్టు మీ సర్జన్ పెట్టుకోమన్నంత కాలమే, లేచి తిరిగేటప్పుడే. బెల్టు కట్టుకున్నాం కదా అని బిందె ఎత్తేవారిని చూశాను. బెల్టు బరువు మోయదు.

గాయం, స్నానం

గాయాన్ని పొడిగా ఉంచడం తప్ప మీరు చేయవలసిన వైద్యం ఏదీ లేదు. పసుపు, కొబ్బరినూనె, కాఫీపొడి, విభూతి, ఆకు పసరు ఏదీ తగలకూడదు. నీరు చొరని డ్రెస్సింగ్ వేసినవారు సర్జన్ అనుమతితో రెండు మూడు రోజుల తర్వాత నిలబడి లేదా ఎత్తైన స్టూలు మీద కూర్చుని స్నానం చేయవచ్చు. వంగి చెంబుతో ముంచి పోసుకోవడం మాత్రం కుదరదు, ఇంకొకరు పోయాలి. కుట్లుగానీ పిన్నులుగానీ సాధారణంగా 10 నుంచి 14 రోజుల మధ్య తీస్తారు. అప్పటిదాకా రోజుకోసారి ఇంటివారు మంచి వెలుతురులో గాయం చూసి, అదే దూరం నుంచి ఫోన్‌లో ఒక ఫొటో తీసి ఉంచితే, ఎరుపు పెరుగుతోందా తగ్గుతోందా అన్న వాదన అవసరం ఉండదు.

గాయం చుట్టూ ఎరుపు, వేడి పెరగడం, చీము కారడం, 101 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి రావాలి. గాయంనుంచి నీళ్లలా తేటగా కారుతూ, కూర్చున్నా నిలబడినా తలనొప్పి పెరిగి, పడుకుంటే తగ్గుతుంటే, నరాల చుట్టూ ఉండే పొరనుంచి ద్రవం కారుతోందేమోనని అనుమానించాలి. పడుకోబెట్టి వెంటనే ఫోన్ చేయండి.

పథ్యం

మన ఇళ్లలో ఆపరేషన్ అయినవారికి చేసే అతి పెద్ద అపకారం ప్రేమతో చేసే పథ్యం. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి చేస్తుంది, వంకాయ దురద పుట్టిస్తుంది, పెరుగు చలవ చేస్తుంది, నీళ్లు ఎక్కువ తాగితే గాయం నీరు పడుతుంది అని ఒక్కొక్కటే తీసేస్తూ పోతే చివరికి కంచంలో కారప్పొడి అన్నమో పాత చింతకాయ పచ్చడి అన్నమో మిగులుతుంది. పెద్దవాళ్లను నేను తప్పుపట్టను. సూక్ష్మక్రిములకు విరుగుడు మందులు లేని రోజుల్లో పుట్టిన జాగ్రత్తలు అవి. అయితే చీము పట్టించేది పప్పు కాదు, చర్మంమీద ఉండే బాక్టీరియా గాయంలోకి చేరడం, దానికి తోడు అదుపులో లేని షుగర్. కోసిన కండరం, చర్మం అతుక్కోవడానికి కావలసిన ముడిసరుకు మాంసకృత్తులు. పప్పు, గుడ్డు, పెరుగు, చేప, కోడిమాంసం ఆపేయడమంటే ఇల్లు కడుతూ ఇటుకలు ఆపేయడమే.

60 కిలోల బరువున్న మనిషికి కోలుకునే రోజుల్లో దాదాపు 70 నుంచి 90 గ్రాముల మాంసకృత్తులు మంచివి. రెండు గుడ్లలో 12 గ్రాములు, రెండు గ్లాసుల పాలు లేదా పెరుగులో 16, రోజంతటికీ కలిపి 60 గ్రాముల కందిపప్పు వండితే 13, దానికి అన్నం, వేరుశెనగలు, సెనగలు, ఇష్టమైతే చేప కలిస్తే లెక్క సరిపోతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ఈ లెక్కను తమ డాక్టరును అడిగాకే పాటించాలి. మా అమ్మమ్మ తరం వారితో వాదించి గెలవడం కష్టం కనుక, వార్డులో నేను ఒక పని చేస్తాను: డిశ్చార్జి రోజు వారి ముందే సర్జన్ చేత "పప్పు, గుడ్డు, పెరుగు తప్పక పెట్టండి" అని చీటీ మీద రాయిస్తాను. అది మందుచీటీ అయిపోతుంది, ఇక ఎవరూ కాదనరు.

మలబద్ధకాన్ని తేలిగ్గా తీసుకోకండి. ట్రమడాల్ వంటి నొప్పి మందులు పేగుల కదలికను మందగింపజేస్తాయి. ముక్కితే నడుము మీద ఒత్తిడి పెరుగుతుంది, నొప్పి కాలిలోకి దూసుకుపోతుంది. రోజుకు రెండు లీటర్లకు తగ్గకుండా నీళ్లు, ఆకుకూరలు, జామ, బొప్పాయి తీసుకుంటూ, రెండు రోజులు దాటినా విరేచనం కాకపోతే ఇసబ్గోల్ లేదా లాక్టులోజ్ విషయమై మమ్మల్ని అడగండి. ఇసబ్గోల్ వేసుకున్నప్పుడు పెద్ద గ్లాసు నిండా నీళ్లు తాగకపోతే అది మేలుకు బదులు కీడు చేస్తుంది. గుండె జబ్బు ఉండి నీళ్లకు పరిమితి పెట్టినవారు ఆ పరిమితినే పాటించాలి.

నొప్పి, తిమ్మిరి, మాత్రలు

మొదట చెప్పిన ఫోన్ విషయానికి వస్తాను. నరం కోలుకోవడానికి ఒక వరస ఉంది. కాలిలోకి పాకే నొప్పి అన్నిటికంటే ముందు తగ్గుతుంది, కొందరికి మత్తు దిగగానే. తిమ్మిరి, మొద్దుబారడం వారాలు, నెలలు తీసుకుంటాయి; కండరాల బలం మరీ నెమ్మదిగా వస్తుంది. దెబ్బతిన్న నరం తిరిగి పెరిగే వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు, అంటే నెలకు ఒక అంగుళం. నడుమునుంచి పాదం ఎంత దూరమో కొలిచి చూసుకుంటే ఓపిక ఎందుకు కావాలో అర్థమవుతుంది. రెండో రోజు తర్వాత ఆపరేషన్ చోటి వాపు వల్ల పాత నొప్పి కొద్దికొద్దిగా వచ్చిపోవడం మామూలు. పాత నొప్పికంటే తక్కువగా ఉండి, వచ్చిపోతూ, మాత్రకు తగ్గుతుంటే భయం లేదు. పాత నొప్పి అంతే తీవ్రతతో తిరిగి వచ్చి తగ్గకపోయినా, ముందు లేని బలహీనత కొత్తగా వచ్చినా ఆలస్యం చేయవద్దు. తీసిన చోటే డిస్క్ మళ్లీ జారే అవకాశం కొద్దిమందిలో ఉంటుంది.

మాత్రలను నొప్పి పెరిగాక కాకుండా, మొదటి వారం గడియారం ప్రకారం వేసుకోవడం మంచిది. పారాసిటమాల్ విషయంలో లెక్క తప్పకూడదు: ట్రమడాల్‌తో కలిపి ఇచ్చే మాత్రలోనూ, జలుబు మాత్రలోనూ అదే ఉంటుంది కనుక వేర్వేరు పేర్లతో ఒకే మందును రెండింతలు వేసుకునే ప్రమాదం ఉంది. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ మాత్రలు వేసుకున్న మొదటి రోజుల్లో తల తూలుతుంది, రాత్రి మూత్రానికి లేచేటప్పుడు ఒకరు తోడుండాలి; నొప్పి తగ్గిందని వాటిని ఒక్కసారిగా మానేయకూడదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు వరసగా చేయించుకుని కిడ్నీ దెబ్బతిని వచ్చినవారిని వార్డులో చూశాను కనుక, ఆ అలవాటు మానుకోమని గట్టిగా చెబుతాను. ఆపరేషన్ అయిన నడుముకు మర్దనా, ఎముకలు విరిపించడమూ అసలు పనికిరావు.

నడక, కూర్చోవడం, బరువులు

ఆరు వారాల వ్యాయామం నడకే. మొదటి వారం ఇంట్లోనో వరండాలోనో ఒక్కోసారి ఐదు నుంచి పది నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. తర్వాత వారం వారం కొన్ని నిమిషాలు పెంచుకుంటూ ఆరో వారానికి ఒకేసారి అరగంట నడవగలిగితే బాగున్నట్టు. ఇవాళ బాగుందని గంట నడిచి, రేపంతా మంచంమీద ఉండటం కంటే రోజూ కొద్దిగా నడవడమే మేలు. నున్నని నేల, వెనక పట్టీ ఉన్న చెప్పులు, వేసవిలో పొద్దున్నే.

కూర్చున్నప్పుడు డిస్క్ మీద పడే ఒత్తిడి నిలబడినప్పటికంటే ఎక్కువ, ముందుకు వంగి కూర్చుంటే ఇంకా ఎక్కువ. అందుకే మొదటి వారాల్లో ఒకేసారి ఇరవై ముప్పై నిమిషాలకు మించి కూర్చోవద్దంటాం. సీరియల్ విరామం రాగానే లేచి నాలుగడుగులు వేయడం మంచి గుర్తు. మెత్తని సోఫా, చాపమీద బాసిపెట్టు వేసుకుని కూర్చోవడం, సత్యనారాయణ వ్రతం పీటలు ఇప్పుడు కాదు. పూజ కుర్చీలో కూర్చుని చేసుకోవచ్చు.

వంగడం, ఎత్తడం, నడుము మెలితిప్పడం అనే మూడూ ఆరు వారాలపాటు నిషేధం. మొదటి వారాల్లో రెండు మూడు కిలోలకు మించి ఎత్తవద్దని చెప్పినప్పుడు అందరూ తలూపుతారు, ఇంటికి వెళ్లాక ఏది ఎంత బరువో తెలియక తప్పు చేస్తారు. 15 లీటర్ల బిందె 15 కిలోలపైన, తాగునీటి క్యాను 20 కిలోలు, వంటగ్యాస్ నిండు సిలిండర్ దాదాపు 30 కిలోలు, ఏడాది మనవడు తొమ్మిది పది కిలోలు. మనవణ్ని కూర్చున్నాక ఒళ్లో వేయించుకోండి, నేలమీంచి ఎత్తుకోకండి. కల్లాపి చల్లడం, ముగ్గు వేయడం, బట్టలు ఉతికి పిండడం, ఇల్లు తుడవడం అన్నీ వంగి మెలితిరిగే పనులే. ఇంటి ఆడవారికి ఆపరేషన్ అయినప్పుడు ఈ పనులు చేసే మనిషిని ముందే కుదుర్చుకోవాలన్న మాట భర్తలకూ కొడుకులకూ నేను విడిగా చెబుతాను. వరినాట్లు, కలుపుతీత, బస్తాల పని చేసేవారికి మూడు నెలల వరకు విరామం అవసరం కావచ్చు. ఆఫీసులో కూర్చుని చేసే పనికి రెండు నుంచి నాలుగు వారాల తర్వాత, గంటకోసారి లేచే షరతుతో వెళ్లవచ్చు.

ఆసుపత్రినుంచి ఇంటికి కారు ముందు సీటును వెనక్కి వాల్చి, ముందు కూర్చుని తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకుని వెళ్లండి. ఆటో, బస్సులో చివరి సీటు, బైక్ వెనక సీటు వద్దు, స్పీడ్‌బ్రేకర్ మీద పడే ఒక్క కుదుపు చాలు. కారు నడపడం మత్తు కలిగించే మాత్రలు మానేసి, బ్రేకు గట్టిగా తొక్కగలిగాకే. బైక్ ఆరు వారాల తర్వాత. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నవారు టికెట్ ముందే కొనేసి మమ్మల్ని తర్వాత అడుగుతారు. దూరపు విమానం విషయం సర్జన్‌ను అడిగాకే తేదీ పెట్టుకోండి, విమానంలో గంటకోసారి లేచి నడవండి. దాంపత్య జీవితం గురించి ఎవరూ అడగరు కనుక నేనే చెబుతాను: నొప్పి లేకపోతే సాధారణంగా మూడు నాలుగు వారాల తర్వాత, నడుము మీద బరువు పడని పద్ధతిలో, తొందర లేకుండా.

స్క్రూలు, రాడ్లు వేసి పూసలను అతికించే ఆపరేషన్ అయితే పైన చెప్పిన గడువులన్నీ పెరుగుతాయి. పూసలు ఒకటిగా అతకడానికి మూడు నుంచి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది, పొగ తాగేవారిలో అతకకపోయే అవకాశం ఎక్కువ. కొన్ని రకాల నొప్పి మాత్రలు ఎముక అతుకును మందగింపజేయవచ్చు కనుక మిగిలిపోయిన పాత మాత్రలను వేసుకోకండి.

ఇంట్లో అందరి ఫోన్లలోనూ వార్డు నంబరు ఉండాలి. పిక్క ఒక వైపు వాచి నొప్పి పెడితే అదే రోజు రండి; ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే, మూత్రం ఆగిపోతే, తొడల మధ్య స్పర్శ పోతే, కాళ్లలో బలం తగ్గితే ఫోన్‌లో మాతో మాట్లాడుతూ సమయం పోగొట్టకుండా నేరుగా అత్యవసర విభాగానికి రండి.

మొదటి రివ్యూకు వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితం, ఎమ్మారై ఫిల్ములు, వాడుతున్న మాత్రల పట్టీలు, గాయం ఫొటోలు, షుగర్ ఉన్నవారు రీడింగుల చీటీ తెచ్చుకోండి. అడగవలసిన ప్రశ్నలను ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకోండి; సర్జన్ ఎదురుగా కూర్చోగానే అన్నీ మరచిపోయి, బయటికి వచ్చాక నన్ను అడగడం అందరికీ అలవాటే. వీలైతే వెల్‌క్రో ఉన్న చెప్పులు, వెనక బొత్తాలు లేని వదులు చొక్కాతో రండి, గాయం చూడటం తేలికవుతుంది.